కందెన: ఉత్తరాంధ్రలో ఇనుప ఇరుసుల ఘర్షణ, అరుగుదల – ఒక చారిత్రక పరిశీలన

సారాంశం:
ఇనుము ఇనుముతో రాసుకొనే చోట నూనె వేస్తే ఘర్షణ తగ్గుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అరుగుదల కూడా అదే మేరకు తగ్గుతుందా అన్న ప్రశ్నకు సమాధానం అంత సులభం కాదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల ఎద్దుబండి ఇరుసు, తూర్పుతీర రైలు మార్గం, కోడూరు మాంగనీస్ గనులు అనే మూడు ఆధారాలతో ఈ ప్రశ్నను చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ‘కందెన’ అనే తెలుగు మాట వెనుక ఉన్న వృత్తిజ్ఞానం ఆధునిక ఘర్షణశాస్త్రం చెప్పిన కొన్ని అంశాలను ఆచరణరూపంలో ముందే కలిగి ఉన్నదని ఇందులో ప్రతిపాదించడం జరిగింది.

కీలకపదాలు: కందెన, ఇరుసు, ఆముదం, ఘర్షణ, రాపిడి, అరుగుదల, మాంగనీస్, ఉత్తరాంధ్ర.

1. ఉపోద్ఘాతం:

‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అన్నది తెలుగునాట ప్రసిద్ధమైన సామెత. సాధారణంగా దీనిని వ్యంగ్యానికి ఉదాహరణగా చెబుతారు. సామెత పుట్టిన పరిస్థితిని గమనిస్తే అందులో ఒక ఆర్థిక వాస్తవం కనిపిస్తుంది. ఇరుసు కీచుమంటున్నదంటే బండివాని అలసత్వమైనా కారణం కావాలి, ఆముదం కొనలేని పేదరికమైనా కారణం కావాలి. కారణం ఏదైనా ఆ శబ్దం మూల్యాన్ని చెల్లించేవి కాడి కింద ఉన్న ఎద్దుల మెడలు, కొలిమి దగ్గర మళ్ళీ అతుకు వేయించుకోవలసిన ఇరుసు.

తెలుగు మాధ్యమ విజ్ఞానశాస్త్ర పుస్తకాలలో ఘర్షణను తగ్గించే పదార్థాలకు ‘కందెనలు’ అన్న పేరు స్థిరపడింది. సంస్కృత సమాసాన్ని కూర్చుకోకుండా బండివాని మాటనే శాస్త్రపరిభాషగా స్వీకరించడం ఆహ్వానించదగినది. అయితే మాట మిగిలింది గాని, అది సూచించిన వస్తువు విద్యార్థి కంటికి దూరమైంది. వస్తువుతోపాటు దాని వెనుకనున్న జ్ఞానంలో సగభాగం కూడా దూరమైందన్నది ఈ వ్యాసంలోని ప్రధాన వాదన. కందెన ఘర్షణను తగ్గిస్తుందన్న సగం పుస్తకంలో ఉంది. మురికిపట్టిన కందెన ఇనుమును తినివేస్తుందన్న రెండవ సగం బండివాని అలవాటులో ఉండేది.

2. ప్రాచీన వాఙ్మయంలో ఇరుసు:

ఇరుసుకు నూనె పెట్టడం భారతీయ వాఙ్మయంలో చాలా పాత ఉపమానం. చరక సంహిత విమానస్థానంలో మనిషి ఆయుర్దాయాన్ని బండి ఇరుసుతో పోల్చడం కనిపిస్తుంది. మంచి లక్షణాలున్న ఇరుసు సక్రమంగా నడిపితే తన బలం తీరేవరకు పనిచేసి కాలక్రమంలో అరిగి నశిస్తుంది. మితిమీరిన బరువు, ఎగుడుదిగుడు దారి, చక్రం విరగడం, చీల ఊడిపోవడం, నూనె పెట్టకపోవడం వంటి కారణాలవల్ల అదే ఇరుసు నడుమనే విరిగిపోతుంది. సహజమైన అరుగుదల వేరు, అకాలమైన విరుగుదల వేరు అన్న ఈ విభజన నేటి యంత్రశాస్త్రానికి కూడా మౌలికమైనదే.

పాలీ వాఙ్మయంలో సంయుత్త నికాయం మరొక పోలికను చూపుతుంది. బండివాడు బరువును గమ్యం చేర్చడానికి అవసరమైనంత మేరకే ఇరుసుకు చమురు పెట్టినట్లు, భిక్షువు శరీరయాత్రకు కావలసినంతే భుజించాలన్నది దాని సారాంశం. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం, విజయనగరం జిల్లాలోని రామతీర్థం బౌద్ధం వర్ధిల్లిన చోట్లు. బండ్లు నడిచే ఈ నేల మీద ఆ ఉపమానం వినేవారికి ప్రత్యేక వ్యాఖ్యానం అవసరమై ఉండదు. చరకుని పోలిక నూనె లేని లోపాన్ని చెప్పగా, బౌద్ధ ఉపమానం నూనెకు కూడా ఒక మితి ఉన్నదని చెబుతున్నది.

3. బండి ఇరుసు – కందెన తయారీ:

తెలుగు బండి చక్రానికి నడుమ కుండ, దానిలో నాటిన ఆకులు, ఆకుల చివర పూటీలు, వాటిపై కమ్మరి కాల్చి బిగించిన ఇనుప పట్టా ఉంటాయి. ఇరుసు కొన కుండలోకి దూరుతుంది. చక్రం జారిపోకుండా చివర చీల పెడతారు. చెక్క ఇరుసుల స్థానాన్ని క్రమంగా ఇనుప ఇరుసులు ఆక్రమించాయి. కుండ లోపలి రంధ్రానికి ఇనుప గొట్టం తొడిగిన తరువాత అక్కడ రాసుకొనేవి రెండూ ఇనుములే అయినాయి. కమ్మరి, వడ్రంగి కలిసి చేసిన ఈ కూర్పులో మూడవ భాగస్వామి నూనె తీసేవాడు. ఉత్తర జిల్లాలలో ఈ వృత్తి తెలికుల వారిది.

ఆముదం రెండు విధాలుగా తీసేవారు. గింజలను గానుగలో ఆడించడం ఒక పద్ధతి. వేయించి, దంచి, నీళ్ళలో మరిగించి పైకి తేలిన నూనెను తీయడం రెండవది. రెండవ విధంగా తీసినదే వంటాముదం. ఇంటి దీపానికి, తలకు, కడుపు నొప్పికి, బండి ఇరుసుకు ఒకే చెట్టు ఆధారం. ఆముదంలో వరిగడ్డిని కాల్చిన మసిని కలిపితే నల్లని చిక్కని ముద్దగా కందెన తయారవుతుంది. దానిని వెదురు గొట్టంలో నింపి బండికి వేలాడదీసుకొని ప్రయాణం చేసేవారు.

ఈ మిశ్రమంలోని రెండు పదార్థాల ఎంపికకూ తర్కం ఉంది. 40 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆముదం స్నిగ్ధత సుమారు 250 సెంటీస్టోకులు. ఇతర వంటనూనెలతో పోలిస్తే ఇది ఆరేడు రెట్లు చిక్కన. ఆముదంలోని కొవ్వు ఆమ్లాలలో 85 నుంచి 90 శాతం రిసినోలిక్ ఆమ్లమే. దాని అణువులో ఉండే హైడ్రాక్సిల్ సమూహం వల్ల ఆముదం లోహపు ఉపరితలాన్ని గట్టిగా అంటిపెట్టుకొంటుంది. ఇక మసి సన్నని కర్బన చూర్ణం. అది నూనెను పట్టి ఉంచి కారిపోకుండా చూస్తుంది. ఇక్కడ మసికీ బూడిదకూ భేదాన్ని గమనించాలి. వరిగడ్డి బూడిదలో సిలికా అధికం. కర్బనం పూర్తిగా కాలిపోయి తెల్లబడిన బూడిదను ఇరుసులో వేస్తే ఇనుముకు గరుకుపొడి వేసినట్లే. భాషలో ‘మసి’, ‘బూడిద’ అనే రెండు మాటలు వేరుగా నిలవడం వృత్తిలో కూడా ప్రయోజనకరమైన భేదమే.

4. బండి వేగం – పలుచని పొర:

ఘర్షణ బలం బరువుకు అనుపాతంలో ఉంటుందని 1699లో అమాంటన్స్ ప్రకటించాడు. కూలుంబ్ 1785లో ఆ విషయాన్ని విస్తరించాడు. నూనె ఎలా పనిచేస్తుందో తెలియడానికి మరో శతాబ్దం పట్టింది. 1883లో ఇంగ్లండులో బోషాంప్ టవర్ రైలు ఇరుసు బేరింగులపై ప్రయోగాలు చేస్తూ, నూనె పోసే రంధ్రానికి బిగించిన బిరడా తనంతట తానే పైకి తన్నుకు రావడం గమనించాడు. తిరుగుతున్న ఇరుసు నూనెను తనతో లాక్కుపోయి, బరువును మోయగలిగినంత పీడనాన్ని ఆ పొరలో పుట్టిస్తున్నదని దాని అర్థం. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సిద్ధాంతాన్ని ఇచ్చాడు.

ఎద్దుబండికి ఈ సౌకర్యం లేదు. గంటకు మూడున్నర కిలోమీటర్లు నడిచే బండికి ఒకటిన్నర మీటర్ల వ్యాసమున్న చక్రం ఉన్నదనుకొంటే, అది నిమిషానికి సుమారు 12 చుట్లు తిరుగుతుంది. 5 సెంటీమీటర్ల మందమున్న ఇరుసు కొన వద్ద రాసుకొనే వేగం సెకనుకు 3 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఇంత తక్కువ వేగంలో రెండు ఇనుములనూ పూర్తిగా విడదీసే నూనె పొర ఏర్పడడం కష్టం. లోహానికి అంటుకున్న అణువుల పొరే రక్షణ కావాలి. 1922లో విలియం హార్డీ వివరించిన ‘సరిహద్దు స్నేహనం’ ఇదే. నెమ్మదిగా, బరువుగా నడిచే బండికి ఆముదం తగిన నూనె కావడానికి కారణం ఇక్కడ స్పష్టమవుతుంది. పలుచని నూనె అయితే కారిపోయేది, అంటుకోని నూనె అయితే తుడుచుకుపోయేది.

5. నేల స్వభావం – గార్నెట్ ధూళి:

తూర్పు కనుమల ఈ భాగంలో విస్తారంగా కనిపించే శిలకు ఖోండుల పేరుమీదుగా ‘ఖోండలైటు’ అని భూవిజ్ఞానులు పేరు పెట్టారు. క్వార్ట్జ్, గార్నెట్, సిల్లిమనైట్ దానిలోని ముఖ్య ఖనిజాలు. శిల శిథిలమై ఎర్ర గరప నేలలుగా మారినా క్వార్ట్జ్, గార్నెట్ రేణువులు సులభంగా నశించవు. శ్రీకూర్మం, కళింగపట్నం తీరపు ఇసుకలో ఇల్మనైట్‌తోపాటు గార్నెట్ లభించడానికి మూలం ఇదే. గార్నెట్ పారిశ్రామికంగా గరుకు కాగితం తయారీకి పనికివచ్చే ఖనిజం. మోహ్స్ కొలమానంలో క్వార్ట్జ్ కాఠిన్యం 7, గార్నెట్‌ది ఆరున్నర నుంచి ఏడున్నర. కమ్మరి కొలిమిలో సాగగొట్టిన మెత్తని ఇనుము ఈ రెండింటికంటే చాలా మెత్తన.

అంటే ఉత్తరాంధ్ర బండి నడిచిన దారి దుమ్ము స్వయంగా ఆకురాయి పొడి వంటిది. నూనె రాసుకుని ఇసుకలో పొర్లినా అంటేదే అంటుతుందన్న సామెత పాఠాంతరాలతో తెలుగునాట అంతటా వినిపిస్తుంది. మనిషి అదృష్టం విషయంలో అది నిజమో కాదో గాని, ఇరుసు విషయంలో మాత్రం దుమ్ము అంతా అంటుతుంది. కందెన ఎంత చిక్కనైతే అంత ఎక్కువ దుమ్మును పట్టుకొంటుంది.

ఇక్కడే ఘర్షణకూ అరుగుదలకూ దారులు వేరవుతాయి. ఇనుప తలాల మధ్య ఉన్న నూనె పొర మందం మైక్రాన్లలో ఉంటే, దారి దుమ్ములోని రేణువులు పదుల మైక్రాన్లలో ఉంటాయి. పొరకంటే పెద్దదైన గట్టి రేణువు రెండు ఇనుములనూ తాకుతుంది, గీస్తుంది. నూనె ఆ రేణువు మొనను ఆపదు. పైగా రేణువుకూ ఇనుముకూ మధ్య ఘర్షణను తగ్గించి దానిని సులువుగా జారనిస్తుంది. గీత నుంచి రాలిన ఇనుప రజనును మొన దగ్గర పేరుకోకుండా తొలగిస్తుంది. అందువల్ల గరుకు రేణువుల సమక్షంలో నూనె ఘర్షణను తగ్గిస్తూనే రాపిడి అరుగుదలను పెంచగలదు.

ఇది విపరీతంగా తోచవచ్చు. ప్రతి రైతు ఇంటా దీనికి ప్రత్యక్ష ప్రమాణం ఉంది. కొడవలికి సానపట్టేటప్పుడు సానరాతి మీద నీళ్ళు చల్లుతారు. పొడి రాయి రజనుతో పూడుకుపోయి కోత తగ్గుతుంది. తడి రాయి శుభ్రంగా ఉండి ఇనుమును చక్కగా కోస్తుంది. తడి అరుగుదలను పెంచుతుందన్న సంగతి తెలిసి, పదును కోసం దానిని వాడుకోవడమే సానపట్టడం. ఇరుసులో అదే ప్రక్రియ అవాంఛితంగా జరుగుతుంది.

ఈ సమస్యకు బండివాని పరిష్కారం శుభ్రత. చీల తీసి, చక్రాన్ని లాగి, పాత కందెనను గడ్డితోనో గుడ్డతోనో తుడిచి, కొత్తది పెట్టడం ఆచారం. పాతదాని మీదనే కొత్తది పూయడం శ్రమ తక్కువ పని, ఇరుసుకు చేటు. అనేక యంత్రాలలో నేడు జల్లెడలు, ముద్రలు, నిర్ణీత కాలానికి నూనె మార్పు వంటి ఏర్పాట్లు చేసే పనిని ఆ తుడుపు గుడ్డ చేసింది. బండివాడు ఈ సంగతిని సూత్రంగా చెప్పలేదు. తుడవని బండ్లు, కీచుమన్న బండ్లు కూడా ఎన్నో ఉండేవి. కనుక ఈ జ్ఞానాన్ని అతిశయోక్తితో శాస్త్రమని పిలవనవసరం లేదు. అనుభవం నిలిపిన నియమం అనడం సమంజసం.

6. రైలు ఇరుసు – ఆముదం:

1893, 1896 సంవత్సరాల మధ్య విజయవాడ నుంచి కటకం వరకు తూర్పుతీర రైలు మార్గం దశలవారీగా ప్రారంభమైంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైననాటికి ఆ పట్టణానికి రైలు రాలేదు. నాటకం పెంచి రాసిన రూపంలో 1909లో వెలువడేనాటికి వాల్తేరు నుంచి కటకం దాకా ఉన్న భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతిలోకి వచ్చి ఏడేళ్ళయింది. పర్లాకిమిడి గజపతుల చొరవతో నౌపడా నుంచి పర్లాకిమిడికి సన్న పట్టాల రైలు 1900లో నడిచింది. 1931లో అది గుణుపురం చేరింది. అదే ఏడు విజయనగరం నుంచి రాయపూర్ వరకు మార్గం పూర్తయింది.

రైలు వచ్చినా ఆముదం పోలేదు. 19వ శతాబ్దంలో భారతీయ రైళ్ళలో ఆముదాన్ని దీపాలకూ, యంత్రాల కందెనకూ వాడారు. జార్జ్ వాట్ సంకలనం చేసిన భారత ఆర్థిక ఉత్పత్తుల నిఘంటువు (1889–1893) ఈ వాడుకను నమోదు చేసింది. పెట్టె కింద ఇరుసు కొనను కప్పే ఇనుప పెట్టెలో నూనెలో నానిన నూలు పీచును కూరేవారు. పీచు నూనెను కొద్దికొద్దిగా ఇరుసుకు అందించేది. నూనె తగ్గినా, దుమ్ము చేరినా ఆ పెట్టె వేడెక్కి పొగ లేచేది. ఇరుసు విరిగే ప్రమాదం కూడా ఉండేది. బండి సంగీతంతో హెచ్చరించగా రైలు పెట్టె పొగతో హెచ్చరించింది. నౌపడా వంటి ఉప్పు కొఠార్ల పక్కన ఇనుముకు తుప్పు మరొక శత్రువు. గట్టి తుప్పు రజను నూనెలో కలిస్తే అదీ గరుకుపొడి వలెనే ప్రవర్తిస్తుంది.

ఆముదానికి ప్రపంచ గిరాకీ కూడా ఈ కాలంలోనే పెరిగింది. చార్లెస్ వేక్‌ఫీల్డ్ 1899లో స్థాపించిన కంపెనీ తరువాత ఆముదపు ఆంగ్లనామం నుంచే ‘కాస్ట్రోల్’ అనే పేరును కూర్చుకొంది. మొదటి ప్రపంచయుద్ధ కాలపు విమానాల రోటరీ ఇంజన్లలో ఆముదమే కందెన. అది పెట్రోలులో సులభంగా కరగకపోవడం దానికి ముఖ్య కారణం. బండివాని గొట్టంలోని నూనె ఆకాశానికి ఎగిరిందనడం ఇక్కడ అలంకారం కాదు.

7. కోడూరు మాంగనీస్ – మరొక మార్గం:

అరుగుదలను ఎదిరించడానికి రెండు దారులు ఉన్నాయి. ఇనుముల నడుమ మరొక పదార్థాన్ని ఉంచడం ఒకటి. ఇనుము స్వభావాన్నే మార్చడం రెండవది. దుమ్మును ఆపడం సాధ్యం కాని చోట రెండవ దారే శరణ్యం. రాళ్ళు పగులగొట్టే యంత్రపు దవడకు ఎంత నూనె పెట్టినా ఉపయోగం ఉండదు.

1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ షెఫీల్డ్‌లో సుమారు 12 శాతం మాంగనీస్ కలిపిన ఉక్కును తయారుచేశాడు. దానికి మొదట కాఠిన్యం అంత ఎక్కువ కాదు. బ్రినెల్ కొలతలో 200 ప్రాంతం. దెబ్బలు తగిలే కొద్దీ దాని పై పొర గట్టిపడి 500ను దాటగలదు. అందుకే రైలు పట్టాలు ఒకదానినొకటి దాటే కూడళ్ళకూ, రాళ్ళ మరల దవడలకూ అది తగిన లోహమైంది. దెబ్బ లేకుండా కేవలం ఇసుక గీసుకొనే చోట దానికి ఇంతటి ఆధిక్యం ఉండదు. అరుగుదలకు ఒకే మందు లేదని ఇది కూడా చెబుతుంది.

హాడ్‌ఫీల్డ్ ఆవిష్కరణ జరిగిన పదేళ్ళకు, 1892లో, నాటి విశాఖపట్టణం జిల్లా చీపురుపల్లి ప్రాంతంలోని కోడూరులో మాంగనీస్ తవ్వకం మొదలైంది. భారతదేశంలో మాంగనీస్ గనుల పరిశ్రమకు ఇదే నాంది. లీ ఫెర్మర్ ఇక్కడి శిలకు ఊరి పేరుతో ‘కోడూరైటు’ అని నామకరణం చేశాడు. అతని బృహద్గ్రంథం 1909లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ ప్రచురణగా వెలువడింది. ఈ ఖనిజం విదేశీ ఉక్కు పరిశ్రమకు ఎగుమతి అయింది. 1933లో విశాఖ రేవు ప్రారంభమయ్యాక ఎగుమతి సులువైంది. స్వాతంత్ర్యానంతరం గరివిడిలో ఫెర్రోమాంగనీస్ తయారీ సాగింది.

ఒకే నేల మెట్ట చేలలో ఆముదాన్ని, గనిలో మాంగనీస్‌ను ఇచ్చింది. మొదటిది అరుగుదలకు ఇనుము వెలుపలి చికిత్స అయితే రెండవది లోపలి చికిత్స. మొదటి దానిలో ఊరి మనిషి వినియోగదారుడు, జ్ఞాని కూడా. రెండవ దానిలో అతడు తవ్వే కూలి. ఖనిజం వెళ్ళింది గాని, ఆ లోహశాస్త్రం ఊరి కొలిమికి తిరిగి రాలేదు. కమ్మరి తన ఇరుసును ఎప్పటివలె మెత్తని ఇనుముతోనే సాగగొట్టుకొన్నాడు.

8. గ్రీజు – ఆముదం పునరాగమనం:

సాలూరు నుంచి పాచిపెంట ఘాట్ మీదుగా జయపురం వైపు సాగే దారి ఒకనాటి ఎడ్లబారుల మార్గం, తరువాత బండి మార్గం. ఆ సాలూరు లారీ రవాణాకూ, లారీ బాడీల నిర్మాణానికీ పేరుపొందింది. ఎద్దుబండ్లకు కూడా టైర్లు, బాల్ బేరింగులు వచ్చాయి. 1957లో విశాఖపట్టణంలో చమురుశుద్ధి కర్మాగారం ప్రారంభమైంది. ఖనిజ నూనెలు, గ్రీజు డబ్బాలు వెదురు గొట్టాన్ని తొలగించాయి.

విశేషమేమంటే నేడు వాహనాలలో విరివిగా వాడే లిథియం గ్రీజుకు చిక్కదనాన్ని ఇచ్చేది 12-హైడ్రాక్సీస్టియరిక్ ఆమ్లపు లిథియం సబ్బు. ఆ ఆమ్లం ఆముదాన్ని హైడ్రోజనీకరించి తీసినదే. లారీ చక్రం విప్పి గ్రీజు నింపే మెకానిక్ చేతికి అంటేది రూపం మారిన ఆముదమే. అతడు కూడా పాత గ్రీజును తుడిచి, కిరసనాయిలుతో కడిగి, ఆ తరువాతే కొత్తది పెడతాడు. బండివాని నియమం మాట మారినా పనిలో నిలిచి ఉంది.

9. ముగింపు:

ఘర్షణ, అరుగుదల, స్నేహనం మూడింటినీ కలిపి చదివే శాస్త్రానికి 1966లో బ్రిటన్‌లో వెలువడిన జోస్ట్ నివేదికతో ‘ట్రైబాలజీ’ అనే పేరు ప్రచారంలోకి వచ్చింది. అరుగుదలను అలక్ష్యం చేయడం వల్ల దేశానికి కలిగే నష్టాన్ని ఆ నివేదిక లెక్కకట్టింది. ఉత్తరాంధ్ర బండివానికి ఆ నష్టం లెక్క వేరే విధంగా తెలుసు. ఇరుసు పోతే ఆ రోజు కూలి పోయినట్లే.

పై పరిశీలన నుంచి కొన్ని అంశాలు తేలుతున్నాయి. 1. ఘర్షణ తగ్గడమూ అరుగుదల తగ్గడమూ ఒకటి కాదు. గరుకు రేణువులు చేరిన నూనె మొదటిదాన్ని తగ్గిస్తూ రెండవదాన్ని పెంచవచ్చు. 2. ఈ ప్రాంతపు నేల స్వభావం వల్ల ఆ ప్రమాదం ఇక్కడ అధికం. కందెన తుడిచి మార్చే ఆచారానికి అందువల్ల ప్రత్యేక విలువ ఉంది. 3. ఆముదం ఎంపిక వేగం తక్కువ, బరువు ఎక్కువ ఉన్న పరిస్థితికి సరిపోయింది. 4. ఈ జ్ఞానం గ్రంథంలో కాక మాటలో, సామెతలో, చేతి అలవాటులో నిలిచింది.

నాల్గవ అంశం తెలుగు పరిశోధకుల బాధ్యతను గుర్తుచేస్తున్నది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలకు చేసిన సేవ మనకు మార్గదర్శకం. అదే పద్ధతిలో రైలు షెడ్లలో, లారీ షెడ్లలో, గనులలో పనిచేసినవారి మాటలను కూడా సేకరించవలసి ఉంది. సేకరించేటప్పుడు పేరుతోపాటు పనిని కూడా రాసుకోవాలి. ‘కందెన: ఇరుసుకు రాసే నూనె’ అన్న ఆరోపం మాటకు అర్థం చెబుతుంది. ‘పాతది తుడిచి పెట్టేది’ అన్న నాలుగు అక్షరాలు చేరితేనే ఆ మాట వెనుకనున్న మనిషి తెలివి కూడా నిఘంటువుకు ఎక్కుతుంది.